బెన్ చాందనీ, నా కామిని

గోడ వెంట వేసుకోవడానికి నందివర్ధనం మంచిదా, కామిని మంచిదా అని మా ఊళ్ళో కొత్తగా ఇళ్ళు కట్టుకుంటున్న కుర్రవాళ్ళు నన్ను అడుగుతుంటారు. సూరత్‌లో చాలాకాలం మాలీగా పనిచేసి వచ్చానని వాళ్ళకు తెలుసు. అడిగేసి ఫోను చూసుకుంటూ నిలబడతారు, నేను ఒక్క మాటలో తేల్చేస్తే వెళ్ళిపోదామని. నాకేమో ఒక్క మాటలో చెప్పడం చేతకాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఓపిక ఉన్నవాళ్ళు చదవండి, లేనివాళ్ళు నర్సరీవాడు ఏది అంటగడితే అది కొనుక్కోండి.

రెండూ ఏడాది పొడుగునా పచ్చగా ఉండేవే, రెండింటి పూలూ తెల్లనివే. తేడా అంతా గుణంలో ఉంది. నందివర్ధనాన్ని గుజరాత్‌లో చాందనీ అంటారు. అది మనిషిని కష్టపెట్టదు. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, సగం నీడలో కూడా పెరుగుతుంది, రోజూ పొద్దున నాలుగు పూలు ఇస్తుంది. వాసన మాత్రం ఉండీ లేనట్టే. కామిని అట్లా కాదు. ఆకు చిన్నది, నిగనిగలాడుతుంది, కత్తెర వేస్తే గోడ కట్టినట్టు నిలబడుతుంది. కానీ పెరగడం నిదానం. వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే అలుగుతుంది. పూయాలనిపించినప్పుడే పూస్తుంది. మంచి వాన పడ్డ కొన్నాళ్ళకు చెట్టంతా ఒకేసారి తెల్లబడి వీధి చివరిదాకా వాసన కొడుతుంది, రెండు మూడు రోజులకే రేకులన్నీ నేలమీద ఉంటాయి.

నేను మొదటి నుంచీ కామిని పక్షం. ఎందుకంటే దాని పూలు ఎవరూ కోసుకుపోలేరు, చెయ్యి తగిలితే రాలిపోతాయి. అపార్ట్‌మెంట్ సొసైటీల్లో పనిచేసిన ప్రతి మాలీకీ ఉండే బాధే ఇది. మనం రాత్రి మొగ్గలు చూసుకుని పడుకుంటాం. తెల్లారి వచ్చేసరికి చెట్టు ఖాళీ. పూజకు కోసుకుపోయారు కాబట్టి దొంగతనం అనడానికి లేదు, నోరెత్తితే పాపం మనకే. చీరకొంగు నిండా పూలు పోసుకుని వెళ్ళేవాళ్ళను చూసి పళ్ళు నూరుకోవడం తప్ప నేను చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

నిజానికి నేను సూరత్ వెళ్ళింది మాలీ పనికి కాదు. మా కరీంనగర్ వైపు నుంచి వెళ్ళినవాళ్ళందరిలాగే మరమగ్గాల మీదికి వెళ్ళాను. ఆ మోతలో చెవులు మందగించాయి, గొంతు పెద్దదైంది. చూపు తగ్గి తెగిన పోగు కనబడకపోయేసరికి షేఠ్ పొమ్మన్నాడు. తర్వాత వరాఛాలో, వజ్రాలు సానబట్టే పనివాళ్ళ కుటుంబాలు ఉండే ఒక సొసైటీలో చెట్ల పని దొరికింది. గది మాత్రం నవాగామ్‌లోనే, మన తెలుగువాళ్ళ మధ్య. భార్య ఊళ్ళో ఉండేది. నా ఆడపిల్లలిద్దరి పురుళ్ళూ పుణ్యాలూ ఆమే చూసుకునేది.

ఆ సొసైటీలో మూడో అంతస్తులో ఒక పెద్దావిడ ఉండేది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అందరూ ఆమెను బెన్ అనేవారు, అంటే అక్క అని, నేనూ అంతే. మా మాటలన్నీ సగం హిందీలో, సగం గుజరాతీలో సాగేవి. ఇప్పుడు నేను రాస్తుంటే ఆమె నోట కూడా నా యాసే వస్తోంది, మీరే సర్దుకోవాలి.

ఒక వానాకాలం నీళ్ళు నిలిచి, గేటు నుంచి లోపలికి వచ్చే దారికి రెండు పక్కలా ఉన్న పాత మొక్కలు కుళ్ళిపోయాయి. కొత్తవి ఏం వేయాలని కమిటీ కూర్చుంది. నేను మట్టి ఎత్తు చేసి కామిని వేద్దామన్నాను. బెన్ లేచి నిలబడింది.

“అది పూలు పూసే చెట్టు గాదు, పూలు రాల్చే చెట్టు. దేవునికి పెడ్దామంటే చేతిల ఒక్క రేకు మిగలది. చాందనీ ఎయ్యి మాలీ భాయ్.”

“చాందనీ ఏస్తే చెట్టు మీద ఒక్క పువ్వు మిగలది బెన్. పొద్దుగాల్నే మీరే కోస్తరు.”

“కొయ్యనీకి గాకుంటే పువ్వు ఎందుకు?”

సొసైటీ అధ్యక్షుణ్ణి అక్కడ ప్రముఖ్ అంటారు. వజ్రాల కార్ఖానా నడిపే ఆయనకు తగాదాలంటే గిట్టదు. దారికి ఎడమపక్క చాందనీ, కుడిపక్క కామిని వేయమన్నాడు. ఏడాది తర్వాత ఏది బాగుంటే రెండు పక్కలా అదే ఉంచి, రెండోది పీకేద్దామన్నాడు. బెన్ బాల్కనీ సరిగ్గా కామిని వరుసకు పైన వచ్చింది. రోజూ పొద్దున అక్కడ నిలబడి నా మొక్కల్ని చూసి ముఖం తిప్పుకునేది.

నాటి ఎన్నాళ్ళో కాలేదు, లాక్‌డౌన్ వచ్చింది. సొసైటీలో పనిచేసేవాళ్ళు లోపలే ఉండిపోవాలి, బయటికి పోతే మళ్ళీ రానివ్వం అని కమిటీ చెప్పేసింది. మా వాచ్‌మన్ జగిత్యాల వైపు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. డిండోలిలో ఉన్న తమ్ముణ్ణి తీసుకుని, రైళ్ళు వేయగానే ఊరికి బయల్దేరాడు. పోయే ముందు నేను ఉంటున్న పంపు గది దగ్గరికి వచ్చాడు.

“పెద్దన్నా, నా మాట ఇను. రైలు దొరికినప్పుడే నడువు. గీ చెట్లు నిన్ను సాదుతయా?”

“గిప్పుడిప్పుడే నాటినం. రెండొద్దులు నీళ్ళు లేకుంటే గీ ఎండకు మాడిపోతయ్‌రా.”

“మాడిపోనీ. ఈడ మనుషులే మాడిపోతున్నరు.”

వాడన్నది నిజమే. కానీ నేను కదల్లేదు. పోతే ఈ వయసులో మళ్ళీ పని దొరకదన్న భయం ఒకటి, కామిని ఓడిపోతుందన్న పంతం ఒకటి. భార్య ఫోన్ చేసి, “అందరొచ్చిన్రు, నువ్వొక్కనివే రాలే. గాడ నీకెవలున్నరు?” అని అడిగింది. చెట్లున్నాయని చెప్పబోయి, తిడుతుందని ఊరుకున్నాను.

పంపు గదిలో ఒక చాప, ఒక పొయ్యి, పక్కన మోటారు. అదీ నా ఇల్లు. గేటు దగ్గర కమిటీవాళ్ళే వంతులేసుకుని కూర్చునేవారు. నేను దారి మీదికి వస్తే బాల్కనీల్లోంచి తల్లులు పిల్లల్ని లోపలికి పిలిచేవారు. తప్పు పట్టను, అప్పుడు అందరికీ అందరూ భయమే. కానీ ఏళ్ళ తరబడి ‘మాలీ కాకా’ అని వెంటపడ్డ పిల్లలు అట్లా లోపలికి పరుగెత్తుతుంటే బాధగా ఉండేది. ఒక్కోసారి రెండేసి రోజులు నా గొంతు నాకే వినపడేది కాదు. మగ్గాల మధ్య బతికినవాడికి నిశ్శబ్దం పడదు. నీళ్ళు అక్కర్లేనప్పుడు కూడా మోటారు వేసుకుని దాని పక్కన కూర్చునేవాణ్ణి. ప్రముఖ్ కిటికీలోంచి కేకలేస్తే కట్టేసేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో పైనుంచి బుట్ట దిగింది. తాడు కట్టిన చిన్న వెదురు బుట్ట, అందులో రెండు థేప్లాలు. తల ఎత్తి చూస్తే బెన్.

“పూలమ్మేటోళ్ళు వస్తలేరు, గుళ్ళు మూసిన్రు. నాలుగు చాందనీ పూలు ఎయ్యి. ఉత్తగ ఏం వద్దు, రొట్టెలు తీస్కో.”

ఇన్నేళ్ళు పూలు కోసేవాళ్ళతో పోట్లాడినవాణ్ణి, నా చేత్తో నేనే పూలు కోసి బుట్టలో వేశాను. తర్వాత మిగతా ఇళ్ళవాళ్ళ కోసం కూడా ఒక పళ్ళెంలో పూలు కోసి బెంచీ మీద పెట్టేవాణ్ణి. నేను దూరం జరిగాక వచ్చి తీసుకునేవారు. చాందనీ గెలుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. బెన్‌కూ తెలుసు.

“ఏం మాలీ భాయ్, నీ మహారాణి ఇయ్యాల గూడ అలిగిందా?”

“వానలు రానియ్యుండ్రి బెన్.”

“అప్పటిదాంక నా పేదపిల్లనే అందరికి పూలియ్యాలె!”

మూడో అంతస్తుకు వినబడేలా మాట్లాడటం నాకు కష్టం కాదు, మగ్గాలు ఇచ్చిన గొంతు ఉంది కదా. బిల్డింగంతా మా తగాదా వినేది. ఆ పది నిమిషాల కోసం నేను పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడేవాణ్ణి. తక్కిన రోజంతా ఆ మాటలే మళ్ళీ మళ్ళీ తలుచుకునేవాణ్ణి.

ఎండలు ముదిరాక, నేను పోసిన నీళ్ళకే ఒకటి రెండు కామిని కొమ్మలు మొగ్గ తొడిగాయి. సంబరపడి ఒక రెమ్మ బుట్టలో పెట్టి పంపాను. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

“ఏముంది దీన్ల? గడ్డిపోచకున్నంత వాసన లేదు.”

“మొగ్గకు వాసన ఉండది బెన్. ఇచ్చుకోవాలె. జర ఓపిక పట్టుండ్రి.”

తర్వాత ఆమె ఎప్పుడు ఎగతాళి చేసినా నా జవాబు అదే. మొగ్గకు వాసన ఉండదు, విచ్చుకోవాలి. ఎన్నిసార్లు చెప్పానంటే, నేను నోరు తెరవకముందే ఆమే అనేసి నవ్వేది.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. కొన్నాళ్ళకు ఒక పొద్దున పంపు గది తలుపు తీసేసరికి కుడిపక్కంతా తెల్లగా ఉంది. ఆ వాసన ఎట్లా చెప్పను? తడిసిన నేల మీద అది నిలిచిపోయింది. ఎప్పుడూ మూసి ఉండే కిటికీలు తెరుచుకున్నాయి. మాస్కులు దించి మరీ పీల్చారు. ఎవరో బాల్కనీ నుంచి, “వాహ్, మాలీ కాకా!” అన్నారు. ఎన్నో నెలలకు నన్ను చూసి మనుషులు నవ్విన రోజు అది.

నేను అన్నిటికంటే నిండుగా ఉన్న కొమ్మ కోసి, రేకులు రాలకుండా మెల్లగా బుట్టలో పెట్టాను. ఆమె లాక్కుంది.

“వచ్చిందా బెన్?”

“ఏమొచ్చింది?”

“వాసన!”

“ఏం వాసన? ఏం లేదు.”

“ముక్కు కాడ పెట్టుకొని సూడుండ్రి.”

“పెట్టుకున్న. ఏం వస్తలేదు. నీ మహారాణికి ఏశాలే తప్ప వాసన లేదు మాలీ భాయ్.”

పక్క బాల్కనీలవాళ్ళు పగలబడి నవ్వారు. బెన్ పంతం అందరికీ తెలిసిందే. నేను మాత్రం నవ్వలేదు. ఈ ఒక్క పొద్దు కోసం అన్ని నెలలు ఎండలో నీళ్ళు మోశాను, ఒక్కసారి బాగుందంటే ఆమె సొమ్మేం పోతుంది? బుట్ట వంక చూడకుండా పంపు గదిలోకి వెళ్ళిపోయాను. మర్నాడు పూలు వేశాను కానీ పలకరించలేదు. బుట్టలో మూతపెట్టిన గిన్నె ఉంది, తీసుకున్నాను.

మూత తీస్తే కిచిడీ. అడుగంటి నల్లగా మాడిపోయింది. కమురు వాసనకు కళ్ళు మండాయి. బెన్ ఇట్లాంటిది పంపే మనిషి కాదు. పోపులో జీలకర్ర కాస్త రంగు మారినా పారబోసి మళ్ళీ వేసుకుంటానని ఆమే చెప్పింది. ఇంతలా మాడుతుంటే పక్కనే నిలబడి కలిపిన మనిషికి తెలియలేదా? ఆ ముద్ద చేతిలోనే ఉండగా నాకు అర్థమైంది. ఆమె పంతానికి పోలేదు. నిన్న నిజమే చెప్పింది.

బయటికి పరుగెత్తాను. బెన్ బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది, శాలువా కప్పుకుని. అరిచి అడుగుదామని నోరు తెరిచి ఆగిపోయాను. నా గొంతు ఎత్తితే బిల్డింగంతా వింటుంది. ఆమె ఫోను నంబరు నా దగ్గర లేదు. ఇంత దగ్గరలో ఉన్న మనిషి నంబరు ఎందుకని ఎప్పుడూ అడగలేదు. అందుకని ముక్కు మీద వేలు పెట్టి, లేదా అన్నట్టు చెయ్యి ఆడించాను.

 ఆమె మెల్లగా తల ఊపింది. అరచెయ్యి నుదుటి మీద పెట్టుకుంది, జ్వరం అని. నేను గేటు వైపు చూశాను. నేను చెప్పేస్తానని ఆమెకు తెలిసిపోయింది. ముందు వేలు పెదవుల మీద పెట్టుకుంది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు రెండు చేతులూ జోడించింది.

ఆ రోజుల్లో అది ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. పక్క సొసైటీ నుంచి అంబులెన్సులో పోయినవాళ్ళు ఇద్దరు తిరిగి రాలేదు. తలుపు మీద క్వారంటైన్ కాగితం అంటిస్తే ఇంక ఆ ఇంటి వంక ఎవరూ చూడరు. ఆమె ఆసుపత్రిలో ఒంటరిగా చనిపోవడానికి భయపడింది. నేను చెప్పకపోతే ఇంట్లో ఒంటరిగా చనిపోతుందని నాకు భయం. చెబితే నాతో మాట్లాడే ఒక్క మనిషీ పోతుంది. ఇదంతా ఆలోచించి నిర్ణయించానని చెప్పను. జోడించిన ఆ చేతులు చూడలేక తల తిప్పుకున్నాను, కాళ్ళు గేటు వైపు నడిచాయి.

ప్రముఖ్ ఆరోజు గేటు వంతులో ఉన్నాడు. విని ముఖం మాడ్చుకున్నాడు.

“మాలీ కాకా, పక్కానా? బిల్డింగంతా సీల్ చేస్తరు.”

“నాకు గదంత తెల్వది సాబ్. ఆమెకు వాసన వస్తలేదు, జరమున్నది. గంతే తెలుసు.”

మధ్యాహ్నానికి అంబులెన్సు వచ్చింది. బెన్ తన సంచీ తానే పట్టుకుని నడిచి వచ్చింది. పూలు నిండుగా ఉన్న కామిని వరుస పక్కన ఆగింది. నేను దూరంగా, పంపు గది ముందు నిలబడి ఉన్నాను.

“ఓడిపోతవని బుగులైందా మాలీ భాయ్, నన్ను పట్టిచ్చినవ్?”

అంతే అంది. బండి ఎక్కింది.

బుట్ట ముట్టుకున్నవాణ్ణని నన్ను పంపు గదిలోంచి బయటికి రావద్దన్నారు. బుట్టనూ తాడునూ ఎవరో కర్రతో ఎత్తి కాల్చేశారు. అన్నం పళ్ళెం గడప అవతల పెట్టి వెళ్ళేవారు. నేను కిటికీలోంచి చూస్తుండగానే కామిని రేకులన్నీ దారి మీద రాలి, వానకు కుళ్ళి, నల్లబడ్డాయి. ఊడ్చేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో నేను ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. వాన పడుతున్నా మోటారు వేసుకుని, దాని మోతలో ఏడ్చాను. ఆసారి ప్రముఖ్ కూడా కేకలెయ్యలేదు.

బెన్ తిరిగి వచ్చింది. సగం మనిషైంది. ఇంకొక్క రోజు ఇంట్లో ఉండి ఉంటే దక్కేది కాదని డాక్టరు అన్నాడట, ఈ మాట ప్రముఖ్ చెప్పాడు. ఆమె బాల్కనీ తలుపు మాత్రం మూసే ఉండేది. పొద్దున నేను ఉతికిన చొక్కా వేసుకుని పూల పళ్ళెం పట్టుకుని కాసేపు నిలబడేవాణ్ణి, తర్వాత బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయేవాణ్ణి. బతికిందన్న సంతోషం ఉంది. ఆ సంతోషం పంచుకుందామంటే ఆమె తప్ప ఎవరున్నారు?

వానాకాలం చివర్లో కామిని మళ్ళీ పూసింది. ఆ పొద్దున పైనుంచి కొత్త తాడు దిగింది, చివర ఒక ప్లాస్టిక్ డబ్బా. గబగబా చాందనీ పూలు వేశాను.

“ఇవి గాదు. అది.”

కామిని కొమ్మ పంపాను. ఆమె దాన్ని ముఖానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత నా వంక చూసి తల అడ్డంగా ఊపింది. జ్వరం తగ్గింది కానీ వాసన తిరిగి రాలేదు. పప్పులో ఇంగువ తెలియదు, అగరుబత్తి తెలియదు, గ్యాస్ లీకైతే తెలియదని భయం.

“ఏం తిన్నా మట్టి తిన్నట్టే ఉన్నది మాలీ భాయ్. పూసినప్పుడల్లా ఒక కొమ్మ పంపు. తిరిగొస్తే దీనితోనే తెలుస్తది.”

అప్పటి నుంచి డబ్బా రోజూ దిగింది. మామూలు రోజుల్లో చాందనీ, కామిని పూసిన రోజు కామిని. ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపేది, నేను వచ్చే వానకు చూద్దామనేవాణ్ణి.

గడువు ముగిసి కమిటీ మళ్ళీ కూర్చుంది. ఏది ఉంచుదామని ప్రముఖ్ అడిగాడు.

“కామిని,” అంది బెన్.

“చాందనీ,” అన్నాను నేను.

ప్రముఖ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “పోయినేడు మీరిద్దరు ఉల్టా చెప్పిన్రు గదా!”

ఆమెకు కామిని ఎందుకు కావాలో నాకు తెలుసు. నేను చాందనీ అన్నది ఆమె పూజ కోసమని అందరూ అనుకున్నారు. అది అబద్ధం. కామిని ఏడాదికి నాలుగైదుసార్లు పూస్తే ఎక్కువ. చాందనీ రోజూ పూస్తుంది, చాందనీ ఉంటేనే డబ్బా రోజూ దిగుతుంది. ప్రముఖ్ తల పట్టుకుని రెండూ ఉంచమన్నాడు. ఇప్పటికీ రెండూ ఉన్నాయి.

ఆ ఏడాది కరోనా రెండో విడత కూడా దాటాక నా మోకాళ్ళు మొరాయించాయి. గునపం పట్టుకుని వంగితే లేవలేకపోయేవాణ్ణి. ఊరికి వచ్చెయ్యమని భార్య పోరుతూనే ఉంది. పని మానేస్తానని చెప్పాను. బెన్‌కు నేరుగా చెప్పలేకపోయాను, ప్రముఖ్ ద్వారా తెలిసింది.

బయల్దేరే రోజు పొద్దున ఎప్పటిలాగే డబ్బా దిగింది. చాందనీ పూలు వేశాను. చివరిసారి కామిని కూడా పెడదామని వరుసంతా వెతికాను. విచ్చుకున్న పువ్వు ఒక్కటి లేదు, అన్నీ మొగ్గలే. ఉత్త చేతుల్తో ఎట్లా పోను? మొగ్గలున్న రెమ్మ ఒకటి తుంచి పూల మీద పెట్టాను.

ఆమె డబ్బా లాక్కుని రెమ్మ తీసింది. ముఖానికి ఆనించుకుని కళ్ళు మూసుకుంది. ఈసారి చాలాసేపు తెరవలేదు. తెరిచాక నవ్వింది.

“వస్తున్నది మాలీ భాయ్! మస్తు వస్తున్నది. నీ కామిని గెలిచింది. ఇగ నిమ్మళంగ ఊరికి పో.”

“అట్లనా బెన్, సంతోషం,” అన్నాను. గొంతు ఎంత ఉన్నా ఆమెకు వినబడిందో లేదో.

ఆటో ఎక్కి, గేటు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాను. ఆమె ఆ రెమ్మ ముక్కు దగ్గరే పట్టుకుని నిలబడి ఉంది. మొగ్గకు వాసన ఉండదని ఆమెకు నేనే ఎన్నిసార్లో చెప్పాను.